చీగాంగ్ పనిచేస్తే చాలదా, ‘శక్తి’ కథ ఎందుకు?

బీజింగ్‌లోని ‘స్వర్గ ఆలయం’ ఉద్యానవనానికి తెల్లవారగానే జనం చేరతారు. ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవారే. పాత సైప్రస్ చెట్ల కింద నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, భుజాలు వదులుగా ఉంచి, రెండు చేతులనూ నీటిలో కదుపుతున్నంత నెమ్మదిగా పైకెత్తుతారు. చేతులు లేస్తుంటే ఊపిరి లోపలికి, దిగుతుంటే బయటికి. అరగంట గడిచినా ఎవరికీ ఆయాసం రాదు. ఇది వ్యాయామమా, ధ్యానమా, నాట్యమా అని చూసేవాళ్లకు సందేహం కలుగుతుంది. కొంతవరకు ఈ మూడూ అందులో ఉన్నాయి.

ఈ సాధన పేరు చీగాంగ్. యుద్ధవిద్యగా పుట్టి, తర్వాత ఆరోగ్య సాధనగా మారిన తాయ్‌చీ దీనికి దగ్గరి చుట్టం. 2020లో యునెస్కో తాయ్‌చీని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఈ రెండూ చైనా దాటి ఆసుపత్రులకు, కార్యాలయాలకు, మొబైల్ యాప్‌లకు చేరాయి. రోజువారీ ఒత్తిడికి మందులతో పనిలేని ఉపాయంగా వీటిని చూపిస్తున్నారు. వాటితోపాటే ఒక కథ కూడా ప్రయాణిస్తోంది. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి నాళాల వెంట పారుతుందనీ, అది ఎక్కడో అడ్డుపడటమే ఒత్తిడికి కారణమనీ, ఈ కదలికలు ఆ అడ్డును తొలగిస్తాయనీ ఆ కథ చెబుతుంది.

విన్నవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోతున్నారు. చేస్తే హాయిగా అనిపించింది కాబట్టి కథ కూడా నిజమేనని నమ్మేవాళ్లు ఒకవైపు. కథ అశాస్త్రీయం కాబట్టి సాధన కూడా దండగేనని కొట్టిపారేసేవాళ్లు మరోవైపు. ఇద్దరి పొరపాటూ ఒకటే: సాధననూ దానికి చెప్పే వివరణనూ ఒకే మూటగా కట్టేయడం. ఆ మూట విప్పి రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. అలా పరీక్షించకపోతే ఏం జరుగుతుందో చైనా ఇటీవలి చరిత్రే చెబుతుంది.

పాత సాధన, కొత్త పేరు

కదలికనూ శ్వాసనూ కలిపి చేసే వ్యాయామం చైనాలో చాలా పాతది. 1970ల తొలినాళ్లలో హునాన్ రాష్ట్రంలోని చాంగ్షా నగరంలో మావాంగ్‌ద్వీ సమాధులను తవ్వినప్పుడు పట్టుగుడ్డ మీద గీసిన ఒక చిత్రం బయటపడింది. అందులో 44 మంది స్త్రీపురుషులు రకరకాల భంగిమల్లో వంగుతూ, చేతులు చాస్తూ కనిపిస్తారు. ఆ సమాధిని మూసింది క్రీ.పూ. 168లో. పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి కదలికలను అనుకరించే ‘పంచజంతు క్రీడ’ను ప్రాచీన వైద్యుడు హ్వాతో రూపొందించాడని సంప్రదాయం చెబుతుంది. ‘ఎనిమిది జరీపట్టు ముక్కలు’ అనే అర్థం వచ్చే బాదువాన్‌జిన్ సాంగ్ రాజవంశం కాలం నుంచే ఉంది.

అయితే ఇలాంటి సాధనలన్నిటినీ చీగాంగ్ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చింది ఇరవయ్యో శతాబ్దమే. 1950ల్లో హెబెయ్ రాష్ట్రంలో ల్యూ గ్వెజెన్ అనే కమ్యూనిస్టు పార్టీ కార్యకర్త తన కడుపు పుండు శ్వాస సాధనతో నయమైందని చెప్పి, ఆ పద్ధతిని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ప్రవేశపెట్టాడు. పాత సాధనల్లోని మతపరమైన భాగాన్ని తొలగించి, దాన్ని ఆరోగ్య వ్యాయామంగా తీర్చిదిద్దారు. 1956లో చైనా క్రీడా యంత్రాంగం తాయ్‌చీని కూడా 24 కదలికలకు కుదించి ఎవరైనా నేర్చుకునేలా చేసింది. కాబట్టి వేల ఏళ్లుగా మార్పు లేకుండా వచ్చిన విద్య అన్న ప్రచారం సగమే నిజం. పాత ముడిసరుకుతో ఒక ఆధునిక ప్రభుత్వం తయారుచేసుకున్న ప్రజారోగ్య కార్యక్రమమిది.

మాటల దగ్గర కూడా కొంత గందరగోళం ఉంది. ‘చీ’ అంటే చైనా భాషలో ఆవిరి, గాలి, ఊపిరి. ‘గాంగ్’ అంటే అభ్యాసంతో వచ్చే నేర్పు. అంటే చీగాంగ్‌ను తెలుగులో ‘ఊపిరి సాధన’ అనవచ్చు. తాయ్‌చీలోని ‘చీ’ వేరే పదం, దాని అర్థం పరమావధి. మన ‘ప్రాణం’ కూడా ఊపిరి దగ్గర మొదలై జీవశక్తి దాకా విస్తరించిన మాటే. భాషలో ఇలాంటి విస్తరణ సహజం. ఆ మాటను తెచ్చి భౌతికశాస్త్ర పదంగా వాడినప్పుడే చిక్కు. భౌతికశాస్త్రంలో శక్తి అంటే జౌళ్లలో కొలిచే రాశి. అది ఒక రూపం నుంచి మరో రూపంలోకి మారినా మొత్తం లెక్క తప్పదు. ‘చీ’కి అలాంటి కొలత లేదు.

పది సెకన్ల ఊయల

మరి చేసినవాళ్లకు కలిగే హాయి ఎక్కడి నుంచి వస్తోంది? సమాధానంలో కొంత భాగం గుండెకూ ఊపిరికీ ఉన్న పొత్తులో ఉంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిదానంగా, దీర్ఘంగా శ్వాసిస్తే చాలామందికి ఇది తెలుస్తుంది. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు కాండం నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి దీనికి ప్రధాన కారణం. అది గుండెకు బ్రేకు లాంటిది. పీల్చేటప్పుడు ఆ బ్రేకు సడలుతుంది, వదిలేటప్పుడు పడుతుంది. అందుకే ఊపిరిని ఎక్కువసేపు వదిలే పద్ధతులన్నీ గుండెను కాసేపు నిదానింపజేస్తాయి.

దీనికి తోడు రక్తపోటును అదుపులో ఉంచే ఒక వలయం ఉంది. మెడలోని ధమనుల గోడల్లో, బృహద్ధమని వంపులో సాగుదలను పసిగట్టే నాడుల చివర్లు ఉంటాయి. పోటు పెరిగితే అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు గుండె వేగాన్ని తగ్గిస్తుంది, రక్తనాళాలను వదులు చేస్తుంది. కబురు వెళ్లి, దాని ఫలితం మళ్లీ పోటు మీద కనిపించడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. ఇలా ఆలస్యం ఉన్న నియంత్రణ వలయాలకు ఒక సహజ లయ ఏర్పడుతుంది. ఈ వలయం లయ సుమారు 10 సెకన్లకు ఒక ఊపు, అంటే నిమిషానికి 6. విశ్రాంతిగా ఉన్న పెద్దలు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. దాన్ని 6కు తగ్గిస్తే ఊపిరి లయ, పోటు లయ కలుస్తాయి. సరైన క్షణంలో తోస్తే చిన్న తోపుకే ఊయల ఎత్తుకు లేచినట్టు, గుండె వేగంలోని హెచ్చుతగ్గులు అప్పుడు బాగా పెరుగుతాయి. పాఠ్యపుస్తకాల్లో అనునాదం అని చదువుకున్నది ఇదే.

ఈ లయ ఏ ఒక్క సంస్కృతి సొత్తూ కాదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇటలీ పరిశోధకులు 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్ భాషలో జపమాల ప్రార్థననూ, బౌద్ధుల ‘ఓం మణి పద్మే హుం’ మంత్రాన్నీ చెప్పించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు 6కు దిగింది, రక్తపోటును సరిదిద్దే వలయం చురుకుదనం పెరిగింది. జపంలో మాట చేసే పనిని చీగాంగ్‌లో చేతులు చేస్తాయి. సెకన్లు లెక్కపెట్టుకోనక్కర్లేకుండా అవే గడియారంలా ఊపిరిని నడిపిస్తాయి.

మెదడులోనూ ఒక దారి కనిపించింది. 2017లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన అధ్యయనంలో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మెదడు కాండంలో, శ్వాస లయను పుట్టించే కేంద్రం నుంచి సుమారు 175 నాడీకణాలను తొలగించారు. ఎలుకల శ్వాస ఆగలేదు కానీ, అవి మామూలు కంటే బాగా ప్రశాంతంగా మారాయి. మెదడులో అప్రమత్తతను పెంచే కేంద్రానికి శ్వాస సమాచారాన్ని చేరవేస్తున్నవి ఆ కణాలేనని తేలింది. ఎలుకల్లో కనిపించినదంతా మనుషులకు వర్తిస్తుందని చెప్పలేం. ఊపిరి నుంచి మనసు దాకా పోయే దారిని నాడీకణాల భాషలోనే వెతకవచ్చని మాత్రం ఈ ప్రయోగం చూపింది.

కొలిస్తే ఎంత?

వివరణ ముచ్చటగా ఉన్నంత మాత్రాన ఫలితం పెద్దదని అనుకోకూడదు. ఆరోగ్యవంతుల్లో ఒత్తిడి, ఆందోళనలపై చీగాంగ్ ప్రభావాన్ని 2014లో ఒక సమీక్ష పరిశీలించింది. దాని ప్రమాణాలకు నిలిచినవి 7 యాదృచ్ఛిక ప్రయోగాలే. వాటిలో ఉపశమనం కనిపించింది కానీ, దీర్ఘకాలిక సాధన అని చెప్పినవి కూడా 1 నుంచి 3 నెలలకు మించలేదు. ఒత్తిడితో ఉన్న 50 మంది ఆరోగ్యవంతులపై సిడ్నీ పరిశోధకులు చేసి, 2018లో ప్రచురించిన 12 వారాల ప్రయోగంలో తాయ్‌చీ ఆందోళనను తగ్గించింది. మామూలు వ్యాయామం కూడా తగ్గించింది.

శ్వాస విషయంలో ఇంకా గట్టి పరీక్ష జరిగింది. బ్రిటన్ పరిశోధకులు 2023లో ప్రచురించిన ప్రయోగంలో 400 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు రోజుకు 10 నిమిషాల చొప్పున నాలుగు వారాలు, నిమిషానికి సుమారు 5.5 శ్వాసల లయలో సాధన చేసింది. రెండో జట్టు అంతే సేపు, అదే పద్ధతిలో, నిమిషానికి 12 శ్వాసల లయలో చేసింది. రెండు జట్లలోనూ ఒత్తిడి తగ్గింది. వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం లేదు.

పది సెకన్ల లయను చూసి ముచ్చటపడిన భౌతికశాస్త్ర విద్యార్థికి ఈ ఫలితం అంత తేలిగ్గా మింగుడుపడదు. నెమ్మది శ్వాసతో గుండె వేగంలో ఊపు పెరగడం నిజం. నెల తర్వాత మనిషి కుదుటపడటానికి అదే కారణమన్నది వేరే ప్రశ్న. రోజూ పది నిమిషాలు మిగతా పనులు ఆపి, ఒక్క విషయం మీదే దృష్టి నిలపడం కొంత మేలు చేసి ఉండవచ్చు. మేలు జరుగుతుందన్న ఆశ కూడా కొంత పనిచేసి ఉండవచ్చు. చీగాంగ్ ప్రయోగాలన్నిటికీ ఈ ఇబ్బంది ఉంది. మందుకు బదులు చక్కెర మాత్ర ఇచ్చి పోల్చినట్టు, ఉత్తుత్తి చీగాంగ్ ఇచ్చి పోల్చడం కష్టం. తాము ఏం చేస్తున్నామో చేసేవాళ్లకు తెలిసిపోతుంది.

మరి ఈ నెమ్మది కదలికలకు ప్రత్యేకత ఏమీ లేదా? ఉంది, కానీ అది వెతుకుతున్న చోట లేదు. 2018లో ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగంలో 70 ఏళ్లు, ఆ పైబడి, పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న 670 మందిని తీసుకున్నారు. వృద్ధుల కోసం మలచిన తాయ్‌చీ చేసినవాళ్లు, కండరాలు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే 58 శాతం తక్కువగా కిందపడ్డారు. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో ప్రయోగం ఒళ్లంతా నొప్పులతో బాధపెట్టే ఫైబ్రోమయాల్జియా వ్యాధి ఉన్న 226 మందిపై జరిగింది. అందులో తాయ్‌చీ, ఏరోబిక్ వ్యాయామానికి దీటుగానో ఇంకా మెరుగ్గానో పనిచేసింది. తాయ్‌చీ తరగతులకు హాజరు కూడా ఎక్కువగా ఉంది. ఆ హాజరు సంగతే అసలైన విషయం. ఎంత గొప్ప వ్యాయామమైనా చేసినన్నాళ్లే ఫలితం. మోకాళ్లు నొప్పులు పుట్టినవాళ్లు, పరుగంటే భయపడేవాళ్లు, జిమ్ గుమ్మం ఎక్కనివాళ్లు కూడా వదలకుండా చేయగలగడమే ఈ సాధన బలం.

రాకెట్ శాస్త్రవేత్త కూడా పొరబడ్డాడు

ఈ నిరాడంబరమైన మేలుతో సరిపెట్టుకోకపోతే ఏమవుతుందో 1980ల చైనా చూసింది. గురువుల అరచేతుల నుంచి వెలువడే పరారుణ కిరణాల్లో ‘బాహ్య చీ’ని పరికరాలతో గుర్తించామని 1970ల చివర్లో షాంఘై పరిశోధకులు ప్రకటించారు. నిజానికి వెచ్చగా ఉన్న ప్రతి చర్మమూ పరారుణ కిరణాలను వెదజల్లుతుంది, సుమారు 9.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అవి అత్యధికంగా ఉంటాయి. అందుకు గురువు కానక్కర్లేదు, జ్వరం చూసే స్పర్శరహిత థర్మామీటర్ పనిచేసేది కూడా వాటితోనే. కానీ ‘చీ’ ఉనికికి సైన్స్ ముద్ర పడిందన్న ప్రచారం దేశమంతా పాకింది. కోట్లమంది సాధనలో చేరారు. గురువుల సభలకు స్టేడియాలు నిండిపోయాయి. కూర్చున్న చోటు నుంచే దూరాన ఉన్న నీటి అణువుల నిర్మాణాన్ని మార్చామని చెప్పుకున్న గురువులూ ఉన్నారు.

ఈ ధోరణికి అండగా నిలిచినవాళ్లలో చైనా క్షిపణి కార్యక్రమ పితామహుడు చ్యాన్ ష్వేసెన్ ఒకరు. అమెరికాలోని కాల్‌టెక్‌లో చదివి, పనిచేసిన మేధావి ఆయన. చెవులతో అక్షరాలు చదువుతారని ప్రచారమైన పిల్లల శక్తులనూ, చీగాంగ్ గురువుల శక్తులనూ కలిపి ‘మానవ దేహ విజ్ఞానం’ అనే కొత్త శాస్త్రం పుట్టబోతోందని ఆయన వాదించారు. రాకెట్ గమనాన్ని దశాంశాలతో సహా లెక్కగట్టగల మనిషి, నియంత్రిత ప్రయోగంలో నిలవని మాటలను నమ్మారు. వాటిని ప్రశ్నించినవాళ్లలో మరో భౌతికశాస్త్రవేత్త హ ట్స్వోష్యూ ఉన్నారు. ఒక శాస్త్రవేత్త సమర్థించారు, మరొకరు వ్యతిరేకించారు. అప్పుడు తేల్చాల్సింది ప్రయోగమే, హోదా కాదు.

ఆ మోజుకు మూల్యం చెల్లించినవాళ్లు ఉన్నారు. అతిగా సాధన చేసి మానసిక స్థితి చెదిరినవాళ్లు చైనా ఆసుపత్రులకు చేరారు. 1994లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల సంఘం నాలుగో నిర్ధారణ గ్రంథంలో ‘చీగాంగ్ వల్ల కలిగే సైకోసిస్ ప్రతిచర్య’ ఒక పదంగా చేరింది. చివరికి 1999లో చైనా ప్రభుత్వం ఫాలున్ గాంగ్‌ను నిషేధించి, కఠినంగా అణచివేసింది. ఆ అణచివేత వెనుక సైన్స్ కంటే రాజకీయమే ఎక్కువ. దాని దెబ్బకు మిగతా చీగాంగ్ బృందాలూ చెదిరిపోయాయి. 2003లో ప్రభుత్వ క్రీడా విభాగం బాదువాన్‌జిన్, పంచజంతు క్రీడ సహా నాలుగు సాధనలను ప్రామాణికం చేసి మళ్లీ ప్రచారంలోకి తెచ్చింది. ఇరవై ఏళ్ల అద్భుతాల వేట ముగిశాక మిగిలింది మళ్లీ అదే: పార్కులో నెమ్మదిగా చేతులెత్తే మనుషులు.

ఇక్కడా అదే ప్రశ్న

ఈ చరిత్ర భారతీయ పాఠకులకు దూరపు కథలా అనిపించకూడదు. ‘చీ’ ఉన్న చోట ‘ప్రాణం’ అని పెట్టి చదివితే సరిపోతుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థల్లో యోగాపై క్లినికల్ పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. ప్రాణాయామం మేలు చేస్తుందంటే దాన్ని కొలిచి చెప్పే పద్ధతులు మన దగ్గర ఉన్నాయి. అయినా వాట్సాప్ సందేశాల్లో అదే ప్రాణాయామం క్వాంటం శక్తిగా, కాస్మిక్ తరంగాలుగా, క్యాన్సర్ మందుగా మారిపోతుంటుంది. ఈ అలంకారాలు సాధనకు గౌరవం తేవు. వాటిని నమ్మి మందులు మానేసిన రోగికి ప్రాణం మీదికి వస్తుంది. వాటిని చూసి చిరాకుపడిన యువత, ఉచితంగా దొరికే ఒక మంచి అలవాటుకు దూరమవుతుంది.

సంస్థల యజమానులు గమనించాల్సిన మాట కూడా ఒకటుంది. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46 వేలకు పైగా ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2024లో ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధనలో, మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు, యాప్‌ల వంటి వ్యక్తిగత కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లు పాల్గొననివాళ్ల కంటే మెరుగ్గా ఉన్నట్టు కనిపించలేదు. రాత్రి పదింటికి సమావేశం పెట్టి, పొద్దున ఎనిమిదింటికి శ్వాస తరగతి పెడితే తప్పు శ్వాసది కాదు.

ఎంతవరకు, ఎలా

ప్రయత్నించాలనుకునేవాళ్లకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు బిగించకుండా నిలబడాలి. అరచేతులు పైకి ఉంచి ఛాతీ దాకా లేపుతూ సుమారు 4 సెకన్లు గాలి పీల్చాలి. అరచేతులు కిందికి తిప్పి దించుతూ సుమారు 6 సెకన్లు వదలాలి. పది నిమిషాల్లో ఇలాంటివి 60 అవుతాయి. లెక్క తప్పినా నష్టం లేదని 400 మంది ప్రయోగం ఇప్పటికే చెప్పింది. కళ్లు తిరిగినట్టు ఉంటే ఆపేసి మామూలుగా శ్వాసించాలి. నిలబడలేనివాళ్లు కుర్చీలో కూర్చుని చేయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం సూచిస్తోంది. చీగాంగ్ అందులో ఒక భాగం కావచ్చు, నడకకు తోడు కావచ్చు.

ఛాతీ నొప్పి, ఆగని ఆయాసం, రక్తపోటు మందులు ఈ సాధన పరిధిలోవి కావు. వాటికి వైద్యుడే దిక్కు. రెండు వారాలు దాటినా వీడని దిగులు, నిద్రలేమి, బతకాలనిపించకపోవడం వంటివి ఉంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

బాదువాన్‌జిన్‌లో చివరి కదలిక చాలా తేలిక. మడమలు ఏడుసార్లు ఎత్తి దించాలి, అంతే. దాంతో నూరు రోగాలు పోతాయని సంప్రదాయం హామీ ఇస్తుంది. నూరు రోగాలు పోవు. పిక్కల కండరాలు గట్టిపడతాయి, ఒంటికి నిలకడ వస్తుంది, చేసే ఆ కాసేపు మనసు వేరే చోటికి పోదు. పైసా ఖర్చు లేని పనికి ఈ ఫలితం తక్కువేం కాదు. దానికి లేని శక్తిని అంటగట్టకుండా, ఉన్నంత మేలునే చెప్పడం సైన్స్‌కూ మర్యాదే, ఆ సాధనకూ మర్యాదే.